చక్రాలపై ఇల్లు – క్షేమధర్మం

దేవాసుర సంగ్రామంలో దేవతల పక్షాన పోరాడటానికి దశరథ మహారాజు రథమెక్కి వెళ్ళాడు. వెంట కైకేయి ఉన్నది. యుద్ధం ఉద్ధృతంగా సాగుతుండగా రథచక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే కడచీల ఊడిపోయింది. చక్రం జారితే రథం కూలుతుంది. రథం కూలితే రాజు దక్కడు. కైకేయి క్షణమైనా ఆలోచించక తన వేలిని ఆ రంధ్రంలో ఉంచి రథాన్ని నిలబెట్టింది. దానికి మెచ్చి రాజు ఇచ్చిన రెండు వరాలే తరువాతి కాలంలో రాముణ్ణి అడవికి పంపాయి. వాల్మీకి రామాయణంలో ఈ చీల ప్రసక్తి లేదు. అక్కడ కైకేయి స్పృహ తప్పిన భర్తను రణరంగం నుండి తప్పించి కాపాడుతుంది. జనం మాత్రం చీల కథనే తరతరాలుగా చెప్పుకొంటున్నారు.

ఈ కథ విన్నవారు కైకేయి సాహసాన్ని మెచ్చుకొంటారు. ఆ వరాల ఫలితాన్ని తలచుకొని చింతిస్తారు. కాని ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అయోధ్యలో రథం కదలక ముందు ఆ చీలను చూడవలసినవాడు ఎవడు? అతడు ఎందుకు చూడలేదు? రథాన్ని నిర్మించిన శిల్పికి కీర్తి ఉన్నది. ఆపదలో ఆదుకొన్న రాణికి వరాలు ఉన్నాయి. ఆపదే రాకుండా ప్రతి ఉదయం చీలను తట్టి చూసే సామాన్యునికి కథలో చోటు లేదు.

తెలుగువారు నిత్యం వాడే ‘యోగక్షేమాలు’ అనే జంటపదంలో ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది. లేనిదానిని పొందడం యోగం. పొందినదానిని కాపాడుకోవడం క్షేమం. భగవద్గీతలోని ఈ మాటకు శంకరాచార్యులు చెప్పిన అర్థం ఇదే. ఉత్తరాలు వ్రాసుకొనే రోజుల్లో తెలుగువారు ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెట్టి, అవతలివారి క్షేమాన్ని అడిగిన తరువాతనే అసలు విషయానికి వచ్చేవారు. ‘ఈ ఏడు ఏమి సంపాదించారు?’ అన్న ప్రశ్నతో ఎవరూ ఉత్తరం మొదలుపెట్టలేదు. భాష క్షేమానికి ఇచ్చిన ఈ గౌరవం ఆచరణలో కనిపించడం లేదు. కట్టడంలో ఉన్న ఉత్సాహం కాపాడటంలో లేదు.

ఈ లోపాన్ని కళ్ళకు కట్టినట్లు చూపే వస్తువు ఆధునిక ప్రపంచంలో ఒకటున్నది. అది క్యాంపర్ వ్యాన్. సరుకులు మోసే మూసి ఉన్న వ్యానులో పడక, పొయ్యి, నీటితొట్టి, దీపాలు అమర్చి, దానిని చిన్న ఇల్లుగా మలచి, వారాల తరబడి, నెలల తరబడి దూరప్రయాణాలు చేయడం పాశ్చాత్య దేశాల్లో విస్తారంగా ఉన్న అలవాటు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్నది తెలుగు సామెత. కట్టిన ఇల్లు ఉన్నచోటనే ఉంటే దాని లోపాలు పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడతాయి. అదే ఇల్లు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో గుంతల మీదుగా పరుగెత్తితే పది రోజుల్లోనే బయటపడతాయి. అందుచేతనే చక్రాలపై ఇల్లు క్షేమధర్మానికి మంచి పాఠశాల.

విలాసం కోసం ఇంటిని చక్రాలపై నిలిపినవారిలో మొదటగా చెప్పుకోదగినవాడు గోర్డన్ స్టేబుల్స్. ఆయన నౌకాదళంలో వైద్యునిగా పనిచేసి విరమించినవాడు, రచయిత. బ్రిస్టల్ నగరంలోని బండ్ల కర్మాగారంలో ఒక ఇంటిబండిని చేయించుకొని, దానికి ‘వాండరర్’, అనగా సంచారి, అని పేరు పెట్టాడు. 1885లో రెండు గుర్రాలు లాగే ఆ బరువైన బండిలో దక్షిణ ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా యాత్ర చేశాడు. సేవకుడొకడు మూడు చక్రాల సైకిలుపై ముందు వెళ్తూ ఎదురువచ్చే బండ్లను హెచ్చరించేవాడు. అంతకు పూర్వం బండ్లలో కాపురం ఉన్నవారు లేకపోలేదు. ఐరోపాలోని రొమానీలు, భారతదేశంలోని గాడియా లోహార్లు తరతరాలుగా బండినే ఇల్లుగా చేసుకొన్నవారే. వారికది జీవనం, స్టేబుల్సుకు అది వినోదం.

ఇరవయ్యో శతాబ్దంలో గుర్రాల స్థానంలో యంత్రం వచ్చింది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ సంస్థ 1950లో పెట్టె ఆకారపు వ్యానును తయారుచేయడం ప్రారంభించగా, మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో పడకను, అలమరలను అమర్చే సామగ్రిని సిద్ధం చేసింది. 1960లో అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ ఒక ట్రక్కుపై చిన్న గది కట్టించుకొని, పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని తన దేశాన్ని చుట్టివచ్చాడు. ఆ వాహనానికి డాన్ కిహోటీ గుర్రం పేరైన ‘రోసినాంటె’ అని పేరు పెట్టాడు. ఆ యాత్రపై ఆయన వ్రాసిన గ్రంథం 1962లో వెలువడింది.

నేడు బ్రిటన్ వంటి దేశాల్లో ఎందరో తమ చేతులతోనే ఇటువంటి ఇంటిని తయారుచేసుకొంటున్నారు. దుకాణాలకు సరుకులు చేరవేసి అలసిపోయిన పాత వ్యానును కొంటారు. ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫియట్ డుకాటో వంటివి ఇందుకు పేరుపొందినవి. లోపల అది ఖాళీ ఇనుపపెట్టె. ఉత్సాహం ఉన్నవాడు మొదటి రోజే కలప తెచ్చి అలమరలు బిగిస్తాడు. వివేకం ఉన్నవాడు మొదట తుప్పు వెదకుతాడు. నేలపై పరచిన చెక్కను పైకెత్తి, చక్రాల కమానుల అంచులు, తలుపుల అడుగుభాగాలు చూసి, తుప్పును గీకి, రంగు పూస్తాడు. ఒకసారి గోడలకు పలకలు బిగించిన తరువాత ఆ ఇనుము మళ్ళీ కంటపడదు. కిటికీ కోసం రేకును కోసినచోట పచ్చి ఇనుము బయటపడుతుంది. దానికి రంగు పూయకుండా అద్దం బిగిస్తే వ్యాధిని గోడలో దాచి పెట్టినట్లే.

తరువాతి శత్రువు తేమ. చలిదేశంలో ఇద్దరు మనుషులు మూసిన వ్యానులో నిద్రిస్తే వారి ఊపిరిలోని ఆవిరి చల్లని రేకుకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది. ఆ నీరు గోడ వెనుకకు జారి తుప్పును, బూజును పెంచుతుంది. కాబట్టి గోడకు, రేకుకు నడుమ వేడిని ఆపే నురుగుపలకలనో గొర్రె ఉన్నినో కూరుతారు. అదే సమయంలో కప్పుపై గాలిపంకాను, కింద గాలి వచ్చే రంధ్రాన్ని ఉంచుతారు. వెచ్చదనం కోసం మూయాలి. ప్రాణం కోసం తెరవాలి. ఈ రెండు అవసరాలను సమన్వయం చేయడంలోనే నిర్మాత నేర్పు తెలుస్తుంది.

బరువు సంగతి కూడా అటువంటిదే. బ్రిటన్‌లో 1997 జనవరి 1 తరువాత డ్రైవింగు పరీక్ష నెగ్గినవారు సాధారణ లైసెన్సుతో నడపగల డీజిలు వ్యాను బరువు, సామానుతో సహా, 3,500 కిలోలు మించకూడదు. పెద్ద వ్యాను ఖాళీగానే రెండు టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. మిగిలినదానిలోనే పడక, అలమరలు, బ్యాటరీ, ఇంధనం, మనుషులు, బట్టలు ఇమడాలి. 70 లీటర్ల నీటితొట్టి నింపితే 70 కిలోలు పెరిగినట్లే. ఇంట్లో ఉన్నప్పుడు ఎంత బరువు కూడబెట్టారో ఎవరికీ తెలియదు. వ్యాను యజమాని మాత్రం దానిని కాటా మీదికి ఎక్కించి అంకెను చూడక తప్పదు. అనవసరమైన వస్తువు ప్రతిదీ ఇంధనాన్ని తింటుంది, బ్రేకులను అరగదీస్తుంది.

విద్యుత్తు విషయంలో లెక్క మరింత కచ్చితమైనది. 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో నిలువ ఉండే శక్తి సుమారు 1,280 వాట్-గంటలు. చిన్న ఫ్రిజ్‌కు రోజుకు దాదాపు 500 వాట్-గంటలు కావాలి. 25 వాట్ల పంకా ఎనిమిది గంటలు తిరిగితే 200. దీపాలకు 50, ఫోనులకు, కంప్యూటరుకు 100, నీటి పంపుకు 20. మొత్తం 870. కప్పుపై 200 వాట్ల సౌరఫలకం ఉన్నదనుకొందాం. నాలుగు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరికితే, నష్టాలు పోను 600 వాట్-గంటలు చేతికి వస్తాయి. రోజుకు 270 లోటు. నాలుగైదు రోజుల్లో బ్యాటరీ అడుగంటుతుంది. బ్రిటన్ శీతకాలంలో ఒక గంట నిండు ఎండ దొరకడమే గగనం. అప్పుడు రెండు రోజులకే దీపాలు ఆరిపోతాయి. ఈ లెక్క ముందుగా వేసుకోనివాడు చీకట్లో కూర్చొని బ్యాటరీని నిందిస్తాడు.

అదే బ్యాటరీతో 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి వెలిగిస్తే తీగలలో 117 ఆంపియర్లకు పైగా ప్రవాహం నడుస్తుంది. తీగ సన్నదైతే వేడెక్కుతుంది. చుట్టూ ఉన్నది కలప. అందుకే లావుపాటి తీగ, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, తీగ రేకును దాటే ప్రతిచోట రబ్బరు బుష్షు తప్పనిసరి. ఫ్యూజు ధర స్వల్పం. అది లేని వ్యానులో తీగపై ఉన్న తొడుగు ఒరిపిడికి తెగినరోజున ఇల్లంతా కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

వంటగ్యాసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది గాలికంటె బరువైనది. లీకైతే పైకి పోదు. నేలమీద చేరి నిలుస్తుంది. అందుచేత సిలిండరు ఉంచే అరకు అడుగున రంధ్రం ఉండి, అది వ్యాను కిందికి తెరుచుకోవాలి. అంతకంటె భయంకరమైనది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికి తాళలేక, ఆరిపోతున్నదనుకొన్న బొగ్గుల కుంపటిని లోపల పెట్టుకొని తలుపులు మూసి పడుకొన్నవారు తెల్లవారి లేవని సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. దానిని పసిగట్టి మోగే చిన్న పరికరం గోడకు ఉండాలి. ఆ పరికరానికీ ఆయుర్దాయం ఉన్నది. దానిపై ముద్రించిన తేదీ దాటితే అది గోడకు ఉన్నా లేనట్లే. బిగించినది యోగం, తేదీని చూసినది క్షేమం.

ఇంతవరకు నిర్మాణం. ఇది పూర్తికాగానే బంధుమిత్రులు వచ్చి చూస్తారు, ఫొటోలు తీస్తారు, అభినందిస్తారు. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. కదిలే ఇంటికి ప్రతి ప్రయాణమూ ఒక చిన్న భూకంపం. మరమేకులు వదులవుతాయి. అలమర తలుపులు కిర్రుమంటాయి. నీటి గొట్టాల అతుకులు చెమ్మగిల్లుతాయి. బ్యాటరీ కొనలకు బిగించిన నట్లు సడలుతాయి. కిటికీల చుట్టూ పూసిన రబ్బరుజిగురు ఎండకు, చలికి పగులుతుంది. మొదట కనిపించేది గోడమీద నాణెమంత తడి మరక మాత్రమే. దానిని చూసిన రోజే పగులు పూడ్చితే పూటలో అయ్యే పని, నిర్లక్ష్యం చేస్తే మరుసటి ఏడాదికి గోడనంతటినీ ఊడదీయిస్తుంది.

టైర్ల విషయంలో చాలామంది పొరపడతారు. ఏడాదిలో కొన్ని వారాలే తిరిగే వ్యానుకు టైరు పైభాగం అరగదు. గాళ్ళు లోతుగా, కొత్తవిగా కనిపిస్తాయి. కాని నిలిచి ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. పక్కభాగాల్లో సన్నని పగుళ్ళు వస్తాయి. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. ‘2319’ అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. నిండు బరువుతో వేగంగా పోతున్నప్పుడు పగిలేది అరిగిన టైరే కానక్కరలేదు, వయసు మీరిన టైరు కూడా కావచ్చు. ఆ నాలుగు అంకెలు చదవడానికి ఇంజినీరింగు పట్టా అక్కరలేదు. వంగి చూసే ఓపిక చాలు.

స్టేబుల్స్ యాత్ర ముగిసిన ఇన్వర్నెస్ నగరం నుండే 2015లో ‘నార్త్ కోస్ట్ 500’ అనే పేరుతో ఒక యాత్రామార్గం ప్రచారంలోకి వచ్చింది. ఉత్తర స్కాట్లండు సముద్రతీరాన్ని చుట్టివచ్చే ఆ దారి పొడవు 516 మైళ్ళు, అంటే సుమారు 830 కిలోమీటర్లు. అందులో బీలఖ్ నా బా అనే కనుమదారి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కి, నిటారుగా దిగుతుంది. పెద్ద ఇంటివాహనాలు అటు వెళ్ళవద్దని హెచ్చరిక ఉన్నది. అటువంటి దిగుడులో బరువైన వ్యానును అదేపనిగా బ్రేకుమీదనే ఆపుతూ పోతే బ్రేకులు కాగిపోతాయి. బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉన్నది. పాతబడిన ద్రవంలో చేరిన నీరు ఆ వేడికి ఆవిరై, తొక్కిన పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. చక్రం ఆగదు. రెండేళ్ళకొకసారి ఆ ద్రవాన్ని మార్చడం, దిగుడులో తక్కువ గేరు వాడటం అన్న రెండు చిన్న అలవాట్లే మనిషికి, లోయకు నడుమ నిలిచే గోడ.

ఇంగ్లండులో మూడేళ్ళు దాటిన వాహనానికి ఏటా ‘ఎం.ఓ.టి.’ అనే పరీక్ష జరగాలి. అందులో బ్రేకులు, టైర్లు, దీపాలు, స్టీరింగు, చట్రం పరిశీలిస్తారు. కాని వ్యానులోని ఇల్లు ఆ పరీక్షకు లోబడదు. గ్యాసు గొట్టం గడువు, గోడలోని తేమ, హెచ్చరిక పరికరం తేదీ, నీటితొట్టి శుభ్రత వంటివి ఎవరూ వచ్చి అడగరు. వాటి కోసం యజమాని తనంతట తానుగా నిపుణునికి చూపించుకోవాలి. ప్రభుత్వం కన్ను చక్రాల దాకా వస్తుంది. ఇంటి లోపలికి రావలసింది యజమాని అంతరాత్మ. ఏ దేశంలోనైనా క్షేమంలో కొంతభాగం చట్టం చేతిలో, ఎక్కువభాగం మనిషి చేతిలో ఉంటాయనడానికి ఇది తార్కాణం.

ఇదంతా కలిగినవారి కాలక్షేపమని కొందరు ఆక్షేపించవచ్చు. అందులో నిజం లేకపోలేదు. సెలవులో తిరగడానికి ఒక వ్యానును కొని, మలచి, నిలుపుకోవడం చాలామందికి అందని మాట. కాని ఇదే వ్యాను కొందరికి గతిలేని ఆశ్రయం కూడా అయింది. 2008 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికాలో ఇళ్ళు కోల్పోయిన వృద్ధులు కొందరు వ్యానులలో నివసిస్తూ, ఋతువును బట్టి దొరికిన కూలిపనుల కోసం ఊరూరా తిరిగారు. వారి జీవితాలపై జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ అనే గ్రంథం వ్రాసింది. దాని ఆధారంగా తీసిన చిత్రం 2021లో ఉత్తమచిత్రంగా ఆస్కార్ బహుమతి పొందింది. విహారికి వ్యాను చెడితే సెలవు పాడవుతుంది. వీరికి వ్యాను చెడితే ఇల్లు పోతుంది, పనికి వెళ్ళే దారీ పోతుంది. కాబట్టి క్షేమధర్మం ధనికుని ముచ్చట అనడం సరికాదు. తక్కువ ఉన్నవానికే దాని అవసరం ఎక్కువ.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఈ యాత్రికులు తమ ఇంటిని శుభ్రంగా ఉంచుకొని, ఎదుటివారి ఊరిని పాడుచేస్తారన్నది ఆ ఆక్షేపణ. ఉత్తర స్కాట్లండులో ఆ మార్గం ప్రసిద్ధి చెందినకొద్దీ ఒక్క వాహనమే పట్టే సన్నదారులలో వ్యానులు బారులు తీరాయి. ఎదురు వాహనాల కోసం వదిలిన జాగాలలో రాత్రి మకాం పెట్టినవారు, మరుగుదొడ్డి తొట్టిని దారిపక్కన కుమ్మరించినవారు ఉన్నారని గ్రామస్థులు మొరపెట్టుకొన్నారు. ఫ్రాన్సులో అనేక పట్టణాలు ఇటువంటి వాహనాల కోసం ప్రత్యేక స్థలాలు కేటాయించి, మురుగునీరు వదలడానికీ మంచినీరు నింపడానికీ ఏర్పాటు చేశాయి. కాని స్థలం ఎక్కడున్నదో కనుక్కొని, అక్కడిదాకా మురుగును మోసుకుపోయే బాధ్యత యాత్రికునిదే. తన ఇంటి గోడతోనే ఆగిపోయే క్షేమం స్వార్థం. బస చేసిన నేలను వచ్చినప్పటికంటె శుభ్రంగా వదిలి వెళ్ళినప్పుడే అది ధర్మమవుతుంది.

దూరప్రయాణపు క్షేమం తెలుగువారికి కొత్త విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలకు పైగా ప్రయాణించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. రైలు లేదు, మోటారు లేదు. పల్లకి, బోయీలు, డేరాలు, పెద్ద పరివారమే ఆయన సాధనసంపత్తి. ఆయన ‘కాశీయాత్రచరిత్ర’లో క్షేత్రమాహాత్మ్యాలతోపాటు ఏ మజిలీలో మంచినీరు ఉన్నది, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉన్నది, దారి ఎటువంటిది అన్న వివరాలు శ్రద్ధగా నమోదయ్యాయి. తన వెనుక వచ్చే యాత్రికుని క్షేమాన్ని తలచి చేసిన పని అది. ఆ గ్రంథం తెలుగు యాత్రాసాహిత్యానికి మొదటి మెట్టుగా నిలవడంలో ఈ చూపుకూ భాగం ఉన్నది.

గ్రామాలలో గూడుబండి కట్టే రైతు కూడా ఈ ధర్మాన్ని ఎరిగినవాడే. ప్రయాణానికి ముందు ఇరుసుకు కందెన రాసేవాడు. చక్రపు ఆకులను కదిపి చూసేవాడు. ఎండకు కొయ్య ముడుచుకొని ఇనుపపట్టా వదులైతే కమ్మరి దగ్గరకు తోలుకుపోయేవాడు. ఎద్దు కాలి నాడా చూసి కాని ఘాటు ఎక్కించేవాడు కాదు. నేటికీ లారీ ఆగిన ప్రతిచోట క్లీనరు ఇనుపకడ్డీతో టైర్లను కొట్టి, శబ్దాన్ని బట్టి గాలి ఉన్నదీ లేనిదీ చెబుతాడు. ఆ కడ్డీ చప్పుడులో ఉన్న శాస్త్రాన్ని గుర్తించేవారు కొద్దిమంది. దసరా నాడు ఆయుధపూజలో వాహనాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు చక్రాల కింద ఉంచే ఆచారం ఉన్నది. పనిముట్టును గౌరవించాలన్న గొప్ప భావం దాని వెనుక ఉన్నది. కాని బొట్టు పెట్టిన చేతితోనే టైరు పగుళ్ళను తడిమి చూడకపోతే, దండ వేసిన వాహనానికే నూనె మార్చకపోతే, ఆ పూజ సగంలోనే ఆగిపోయినట్లు.

ఇక్కడ యువతకు ఒక హెచ్చరిక అవసరం. విదేశీయులను చూసి ఉత్సాహంతో ఇంటి పెరటిలో వ్యానును కోసి మలచబూనడం భారతదేశంలో చెల్లదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ విషయాన్ని స్పష్టంచేసింది. ఆమోదించిన ప్రమాణాల ప్రకారం తయారైన ఇంటివాహనాలకు మాత్రం దారి తెరిచే ఉన్నది. కేరళ ప్రభుత్వం 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో అటువంటి వాహనాల పర్యాటకాన్ని ప్రోత్సహించడం ప్రారంభించింది. చట్టాన్ని అడ్డంకిగా భావించరాదు. బిగింపు సరిలేని ఆసనంలో కూర్చొని ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకొనేవాడు సాధారణంగా ఆ వ్యానును మలచినవాడు కాదు. అతని మాట నమ్మి ఎక్కినవాడు.

అయినా ఈ విద్యను నేర్వడానికి వ్యాను ఉండనక్కరలేదు. కళాశాలకు తొక్కుకొనివెళ్ళే సైకిలు గొలుసుకు నూనె వేసేది ఎవరు? వసతిగృహంలో కారే కుళాయి వాషరు మార్చడానికి ఎన్ని నెలలు పడుతున్నది? ఇంట్లో గ్యాసు గొట్టంపై ఉన్న తేదీని చదివినవారు ఎందరు? ప్రారంభోత్సవానికి శిలాఫలకం వేసిన భవనాలు ఊరూరా ఉన్నాయి. పదేళ్ళపాటు దాని కప్పు కారకుండా చూసిన పనివాని పేరు చెక్కిన ఫలకం ఎక్కడైనా ఉన్నదా? కొత్త చెరువు తవ్వించినవానికి ఎంత పుణ్యమో, తెగిన చెరువుకు గండి పూడ్పించినవానికి అంతకంటె ఎక్కువ పుణ్యమని చెప్పిన పెద్దల మాట కాలక్రమంలో మరుగున పడింది.

చేతితో పనిచేయడం చదువుకొన్నవానికి తగదన్న దురభిప్రాయం ఈ నిర్లక్ష్యానికి ఒక మూలం. స్పానరు పట్టడం, తీగ అతకడం, తుప్పు గీకడం ‘ఇంకెవరో’ చేయవలసిన పనులని భావించేవాడు, ఆ ‘ఇంకెవరో’ అందుబాటులో లేని చోట నిస్సహాయుడవుతాడు. వానలో, చీకటిలో, ఊరికి నలభై మైళ్ళ దూరంలో ఆగిన వ్యానులో ఉన్నవానికి తన పట్టా అడ్డుపడదు, ఆదుకోదు. ఆదుకొనేది బయలుదేరే ముందు అతడు వెచ్చించిన అరగంట. కాగితంపై వ్రాసుకొన్న పది అంశాల జాబితాను ఒక్కొక్కటిగా సరిచూసుకోవడంలో ఏ వీరత్వమూ లేదు. అందుకే అది ఎవరికైనా సాధ్యం.

నూతన నిర్మాణాలు వద్దని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. యోగం లేక క్షేమం లేదు. కట్టనిదే కాపాడటానికి ఏమీ ఉండదు. కాని ఏదైనా కట్టబోయే ముందు, దానిని ఎన్నాళ్ళు కాపాడగలమో లెక్కవేసుకోవడం వివేకం. కాపాడలేనంత పెద్ద ఇంటికంటె, కాపాడుకోగలిగిన చిన్న ఇల్లు మేలు. చక్రాలపై ఇల్లు నేర్పే పాఠం అదే. అది ఇన్ని లీటర్ల నీరు, ఇన్ని వాట్ల వెలుగు, ఇన్ని కిలోల సామానుతో మనిషి సుఖంగా బ్రతకగలడని అంకెలతో చెబుతుంది. వెంటనే, వాటిని ప్రతిరోజూ చూసుకొమ్మని ఆజ్ఞాపిస్తుంది.

కైకేయి సాహసం గొప్పదే. అయితే ఆ రోజు అశ్వశాలలో ఎవరో ఒకరు రథం కింద వంగి, వదులైన చీలను రెండు దెబ్బలు కొట్టి బిగించి ఉంటే, రాణి వేలు నలిగేది కాదు. జనం చెప్పుకొనే కథలో ఆ వరాలూ పుట్టేవి కావు. అప్పుడు ఆ పనివాణ్ణి ఎవరూ తలచుకొని ఉండేవారు కారు. రథం మాత్రం క్షేమంగా అయోధ్య చేరేది.